కోళ్లకు పోసిన గోధుమలు

మంగళవారం పొద్దున్నే వెర్ల్ ఆస్ట్లర్ తెల్లబట్టల సంచీ చంకన పెట్టుకుని తమ చర్చివాళ్ల టెంపుల్‌లో సేవకు బయలుదేరాడు. సాయంత్రం నాలుగు దాటితే గాని తిరిగి రాడు. కారు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, అతని భార్య లరూ ఫోను అందుకుంది.

"బ్రదర్ లండ్, ఇక రావచ్చు. ట్రక్కు పెరటివైపు పెట్టండి."

లండ్‌ది కోళ్ల ఫారం. ఆ రోజు అతను పట్టుకుపోవలసినవి ఇరవై రెండు పీపాల గోధుమలు.

కష్టకాలానికి ప్రతి ఇంట్లోనూ తిండి నిలవ ఉండాలని ఒకప్పుడు చర్చి పెద్దలు చెప్పారు. వాళ్లుండే సాన్‌పీట్ లోయలో అందరూ కాస్తో కూస్తో దాచుకున్నారు. వెర్ల్ మాత్రం ఆ కష్టకాలం మర్నాడే వస్తోందన్నట్టు నేలమాళిగ నింపేశాడు. కొన్నది అతనే గాని, ముప్ఫై నాలుగేళ్లుగా వాటికి పురుగు చూసి, మూతలు మార్చి, చాకిరీ చేసినది లరూ. ఆరుగురు పిల్లలు పెరిగారు, పెళ్లిళ్లు చేసుకుని వెళ్లారు. గోధుమలు కదల్లేదు. ఇల్లు వాలు మీద కట్టింది కావడంతో, ఎండ బాగా పడే కిటికీ ఆ నేలమాళిగకే ఉంది. పీపాలు దాన్ని మూసేశాయి. లరూ బొంతలు కుట్టే చట్రాన్ని భోజనాల బల్ల మీద వేసుకుని, పూటపూటా ఎత్తి గోడకు ఆనించేది. ఆ గది ఇమ్మని పదకొండేళ్లుగా అడుగుతోంది. "ప్రార్థన చేసి చెప్తాను" అంటాడు వెర్ల్. ఇంతవరకూ చెప్పలేదు.

లండ్ ఒక పీపా మూత తీసి వాసన చూశాడు.

"సిస్టర్ ఆస్ట్లర్, వీటిని కోళ్లు తింటాయంటారా?"

"తినకపోతే మీ కోళ్లకు నాకన్నా తెలివి ఎక్కువనుకోండి."

ఆఖరి పీపా ట్రక్కు ఎక్కుతుండగా, తన మేడ మీదినుంచి చూసి ఎదురింటి ఆర్డా క్రిస్టెన్సెన్ ఫోను చేసింది.

"ఏమిటి లరూ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

"లేదు ఆర్డా. ఇక మాకు వీటితో పనిలేదు, అంతే."

"పనిలేదా! వెర్ల్ ఏమన్నాడు?"

"వెర్ల్‌కి ఇంకా తెలీదు. నువ్వు చెప్పకు తల్లీ. సాయంత్రం నేనే మెల్లగా చెప్తాను."

కిందటి వారం వెర్ల్ రక్తపరీక్షకు ఆసుపత్రికి వెళ్లడం ఆర్డా కళ్లారా చూసింది. "అయ్యో లరూ!" అంటూ ఆమె ఏడ్చేసింది. గోధుమల కోసం ఇంత బాధపడే మనిషి కూడా ఉందా అని లరూ ఆశ్చర్యపోయింది.

ఆర్డా మాట తప్పే మనిషి కాదు. వెర్ల్‌కు చెప్పలేదు. సంఘంలో మిగిలిన వాళ్లందరికీ చెప్పింది. టెంపుల్‌కు ఫోను చేసి ప్రార్థన జాబితాలో వెర్ల్ పేరు కూడా రాయించింది.

పదకొండు గంటలకల్లా మొదటి గాజు పళ్లెం వచ్చింది. జున్నూ మీగడా వేసి కాల్చిన బంగాళాదుంపలు. ఆ ఊళ్లో ఎవరైనా పోతే వండే వంటకం. "తినాలి సిస్టర్, మీకిప్పుడు బలం కావాలి" అంది తెచ్చినావిడ. పీపాలు మోసినందుకు కాబోలు అనుకుంది లరూ. తరువాత క్యారెట్ తురుము వేసిన పచ్చ జెల్లీ వచ్చింది. ఆ తరువాత మళ్లీ బంగాళాదుంపలు. ఒంటిగంటకు సంఘ పెద్ద బిషప్ సోరెన్సన్ తన విత్తనాల కొట్టు మూసి మరీ వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎంతకాలంగా లోపల దాచుకున్నారు సిస్టర్?"

"ముప్ఫై నాలుగేళ్లు బిషప్ గారూ. ఇక నావల్ల కాలేదు."

"ధైర్యంగా ఉండండి. ఇది ఈ లోకంతో తీరిపోయేది కాదు. ఆ లోకంలోనూ మీతోనే ఉంటుంది."

"గోధుమలు కూడానా?" అంది లరూ.

ఆయన అన్నది చావుతోనూ తెగని పెళ్లిబంధం గురించి. దుఃఖంలో ఆవిడ మతి చలించిందనుకుని బిషప్ తల వంచుకుని వెళ్లిపోయాడు.

మూడున్నరకు టెంపుల్‌లో తోటి సేవకుడొకడు వెర్ల్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "భయపడకు బ్రదర్. అవతల మనవాళ్లంతా ఎదురుచూస్తుంటారు." ఎవరికోసమని వెర్ల్ అడిగాడు. ఆ ముసలాయన నాలిక కరుచుకుని బట్టలు మార్చుకునే గదిలోకి మాయమయ్యాడు.

వెర్ల్ ఇల్లు చేరేసరికి బల్ల మీద ఐదు పళ్లేలున్నాయి. వాటిలో మూడు బంగాళాదుంపలే. అతను టోపీ తీసి కుర్చీలో కూలబడ్డాడు.

"డాక్టరు నీకే చెప్పాడా లరూ?"

"ఏ డాక్టరు?"

"దాచకు. నాకు తెలిసిపోయింది." అతను ఆమె చెయ్యి అందుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకుని ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు. "నీ మాట ఎప్పుడూ వినలేదు. నా చిన్నప్పుడు ఒక చలికాలం ఇంట్లో పిండి నిండుకుంది. మా అమ్మ వేణ్ణీళ్లు తాగి, కడుపు నిండిందనేది. అది తలుచుకుంటే ఇప్పటికీ భయం. అందుకే ఆ పీపాలు... నీకెప్పుడూ చెప్పలేదు. ఆ గది నీది లరూ. కిటికీ దగ్గర చట్రం వేసుకో. నీలాంటిదాన్ని ఇన్నాళ్లు చీకట్లో ఉంచాను."

లరూకు అప్పుడు అర్థమైంది, పళ్లేలూ, బిషప్పూ, అన్నీ. వెంటనే నోరు విప్పవలసింది. విప్పలేదు. ఈ మాటల కోసం పెళ్లయినప్పటినుంచీ ముప్ఫై తొమ్మిదేళ్లు కాచుకుంది, మరో ఐదు నిమిషాలు వింటే పాపమేమీ కాదనుకుంది. అతను తన చేతి వంటనూ, ప్రసవాలనూ, ఓర్పునూ పొగిడేదాకా విని, ఆపైన చెప్పింది.

"నీకేం జబ్బు లేదు వెర్ల్. రక్తం బాగుందని శుక్రవారమే కాగితం వచ్చింది, నీ బల్ల మీదే పెట్టాను. పోయినవి గోధుమలు."

వెర్ల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎక్కడికి పోయాయి?"

"లండ్ కోళ్లకి."

"నన్నడక్కుండానా?"

"పదకొండేళ్లు అడిగాను. అయినా ఆ గది నాదేనని ఇప్పుడేగా అన్నావు!"

"నేను పోయాక నీదని అన్నాను."

ఆ రాత్రి ఇద్దరూ చల్లారిన బంగాళాదుంపలు చెరో పళ్లెం ముందేసుకుని తిన్నారు.

ఆదివారం చర్చిలో, ఎవరైనా మనసు విప్పి మాట్లాడే ఉపవాస సభలో వెర్ల్ లేచి, తన ఇంట్లో కష్టకాలానికి గింజ లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బతికున్నవాడికి చావు వంట వండి పెట్టిన సిగ్గు సంఘంలో ఎవరికీ ఇంకా తగ్గలేదు. సోమవారం పొద్దున మగవాళ్లు పనుల్లోకి వెళ్లారో లేదో, ఆస్ట్లర్ల ఇంటిముందు ట్రక్కులు బారులు తీరాయి. ప్రతి బండికీ ఒక ఇల్లాలే తోలరి. అందరికన్నా ముందు ఆర్డా వచ్చింది.

"ఏడు తెచ్చాను. తొందరగా దించండి, మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వస్తాడు."

"ఆర్డా, నిజం చెప్పు. నీకు వీటితో పనిలేదా?"

"ఇచ్చేటప్పుడు అలాంటివి అడక్కూడదు లరూ" అంది ఆర్డా, పీపాను మెట్ల మీదికి దొర్లిస్తూ.

పన్నెండు గంటలకు నలభై ఒక్క పీపాలు లెక్క తేలాయి. నేలమాళిగ నిండి, మెట్ల మీదికి వచ్చాయి. వెర్ల్ ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తూ, లోకంలో మంచితనం ఇంకా బతికే ఉందన్నాడు. లరూ చీపురు పుచ్చుకుని, మూతల మీద దుమ్ము దులిపి తేదీలు చదివింది. వాటిలో అన్నిటికన్నా కొత్త పీపా, ఆమె కోళ్లకు పంపినవాటికన్నా రెండేళ్లు పాతది.