మూడవ పలకపై తోకుజో దండయాత్ర

కొండల మీద తడిమబ్బులు గుంపుకట్టి, ముసురు పట్టవలసినది రేపా ఎల్లుండా యని మంతనములాడుకొను వేళ, నాట్లు పడిన మళ్ళలో రాత్రి తెల్లవార్లు అరచి గొంతులు పోయిన కప్పలు కునుకు తీయు వేళ, గోడవారల అజిసాయి పూగుత్తులు నీలమగుదమా ఊదాయగుదమా యని తేల్చుకొనలేక పాలిపోయి నిలిచిన వేళ, జూన్ మాసపు మొదటి ఆదివారమున, ఉదయము సరిగా ఎనిమిది గంటలకు, సముద్రతీరవిరాజితమైన కమెసాకి పట్టణమందు, ఐదవ వాడ సమస్తగృహస్థజనము తెల్లని చేతితొడుగులు ధరించి, రబ్బరుబూట్లు తొడిగి, పారలు భుజాన వైచుకొని, వానలకు ముందు పూడిక తీయుటకై మురుగుకాలువల మీదికి వెడలెను.

ఆ సేనలో తోకుజో యొకడు. పడవల వడ్రంగి. రెండు మాటలతో తెగు పనికి మూడవ మాట వాడనివాడు. తన ముంగిటి కాలువ మీది మూడు సిమెంటు పలకలను నలుబదియేండ్లుగా తానే యెత్తి తానే దించుచున్న నిరుపమాన పలకోద్ధరణధురంధరుడు. అట్టివానికి మొన్న ఏప్రిల్ మాసమున డెబ్బదియైదేండ్లు నిండెను.

అదియే వచ్చిన చిక్కు. వాడపెద్దయగు ఒకునోయను నామె ఇంటింటికి ఒక కాగితము పంపియుండెను. డెబ్బదియైదు నిండినవారు పలకలు ముట్టరాదు, గుడారము నీడన కూర్చుండి చల్లని బార్లీ టీ పోయవలెను. ఆ కాగితము పట్టుకొని తోకుజో ఆమె గుమ్మమెక్కెను.

"ఎత్తితే?" అని అడిగెను.

"ఎత్తితే మంచిదే తాతగారూ. మీ ముంగిట మూడూ, ఇంకెవరి చెయ్యీ పడకుండా ఎత్తండి. పలకల జాబితాలోనే మీ పేరుంచుతాను. ఒక్కటి మిగిలినా టీ దగ్గరికే."

"సరే."

అట్లు సంధి కుదిరెను. ఇక రణము.

గుడారము క్రింద హికోసాకు అప్పటికే ఆసీనుడై యుండెను. ఒకప్పటి చేపల వర్తకుడు, తోకుజో కంటె ఏడాది పెద్ద, పోయిన సంవత్సరమే పలకల నుండి టీ కెటిలుకు పదభ్రష్టుడైనవాడు.

"రావయ్యా తోకుజో. పక్క కుర్చీ తుడిచి ఉంచాను. మెత్త కూడా వేశాను."

"నువ్వే కూర్చో."

"కూర్చునే ఉన్నాగా ఏడాది నుంచి. నడుం నొప్పి పోయింది, మర్యాదా పోయింది. రెండూ ఒక్కసారే."

తోకుజో ఇనుపకొక్కెమును మొదటి పలక కంతలో దూర్చి లాగెను; అది పెద్దల మాట వినుదానివలె లేచెను. రెండవది కొంత గునిసి, పండ్లు కొరికి, లేచెను. మూడవది కమీలియా పొదల కంచె మొదట నుండెను. నలుబది కిలోల నిశ్చలఘోరాకారము, నాచుతో పచ్చబడిన వీపు. కొక్కెము దూర్చి వంగి లాగెను. కదలలేదు. కాళ్ళు ఎడము చేసి లాగెను. కదలలేదు.

అంతట ఆ వీరుని హృదయకుహరమందు ఆగ్రహము బడబానలమై లేచి, ఇట్లు పలికించెను: "ఓసి జడస్వభావా, చతుష్కోణదుర్మదాంధా, నీ పుట్టుక నేనెరుగనా? నీవు లారీలో వెల్లకిల పండుకొని ఈ వీధికి దిగిన దినమున నిలుచుండి చూచినవాడను. పడవల వెన్నుదూలములు మోసిన యీ బాహుదండములకు నీవొక లెక్కా? ఇప్పుడైన లేచి శరణనుము. కాదేని నిన్ను తలక్రిందు చేసి, ఎండ యెరుగని నీ యడుగుభాగమును ఐదవ వాడకెల్ల చూపింతును!"

ఇదంతయు లోపల. పైకి వినబడినది "ఊఁ" అను నొక్క ధ్వని.

"నడుం జాగ్రత్త తాతగారూ," అనెను ఒకునో. "కుర్రాళ్ళని పిలవనా?"

"వద్దు."

మరల లాగెను. కొక్కెము జారెను. మహావృక్షము కూలినట్లు తోకుజో వెనుకకు పోయి కంచెలో కూలబడెను. ఆ క్షణమున ఐదవ వాడవారందరును తమ తమ బురదయందు పరమశ్రద్ధాసక్తులైరి. ఒక్క తలయు ఇటు తిరుగలేదు. అంతకంటె పెద్ద దెబ్బ వేరొకటి లేదు.

హికోసాకు మాత్రము కుర్చీ విడిచి, టీ కప్పు చేతనే యుంచుకొని వచ్చి, పలక అంచున వంగి చూచెను.

"బలం చాలక కాదయ్యా. ఈ సందు చూడు. ఇసుక దిగి బిగిసింది, పైన వేళ్ళు అల్లుకున్నాయి. ఇలా అయితే ఏనుగొచ్చినా రాదు. ఉండు."

అని యింటికి పోయి, తాను ముప్పదియేండ్లు చేపలు గ్రుచ్చి కాల్చిన మూరెడు ఇనుపచువ్వ తెచ్చి నేలపైనుంచెను.

"హికోసాకు గారూ, ఇంకో చెయ్యి పడకూడదన్నాను కదండీ," అనెను ఒకునో.

"నా చెయ్యి జేబులో ఉంది చూడమ్మా. చువ్వ సంగతి నీ కాగితంలో లేదు."

ఒకునో కాగితము విప్పి చదివెను. లేదు.

తోకుజో మోకరిల్లి, చువ్వతో ఆ దుర్గపు నలువైపుల సందులను గోకసాగెను. ఇసుక వచ్చెను. జుట్టువంటి వేళ్ళు వచ్చెను. ఏ కాలపుదో ఒక చొక్కాగుండీ వచ్చెను. పిమ్మట లేచి కొక్కెము దూర్చి, ఊపిరి బిగబట్టి, మోకాళ్ళు వంచి పైకి లాగెను. ఫట్టుమని శబ్దమయ్యెను. పలక నాలుగు వ్రేళ్ళు లేచెను. ఆపై మూరెడు లేచి, అతని తొడకు ఆనుకొని నిలిచెను.

పారలు పట్టుకొని అందరును పరుగున వచ్చి తొంగిచూచిరి.

బురద లేదు. వ్రేలి లోతున తేటనీరు పారుచుండెను. ఆ నీటియంచున బొటనవ్రేలి గోరంత యెర్రని పీత యొకటి, రెండు డెక్కలు పైకెత్తి, అంతమంది పారధారులను ఒంటరిగా యుద్ధమునకు పిలుచుచుండెను.

"బురదే లేదు," అనెను ఒకునో. "మరి దీన్ని ఎత్తడం దేనికి?"

"ఎత్తితేనేగా తెలిసేది," అనెను తోకుజో. ఆ వారమున అతడాడిన మిక్కిలి పొడవైన వాక్యమదియే.

దించుదమన్నను, పలక దిగవలసిన అంచును పీత విడువలేదు. పలక బరువు తొడపైనుంచుకొని, చెమటలు కారుచుండ, తోకుజో కాచుకొనియుండెను. దానికి తొందర లేదు. మూడడుగులు ప్రక్కకు, ఒకటి వెనుకకు నడచి, ఇష్టమైన తావు చూచుకొని, కడకు నీడలోనికి పోయెను. అప్పుడు పలక దిగెను.

ఒకునో కలము తీసి తోకుజో పేరును పలకల జాబితాలోనే యుంచెను. పిమ్మట ఆ కాగితమున టీ పోయువారి పంక్తికి వచ్చి తలయెత్తి చూచెను. హికోసాకు, ప్రక్క యింటి ముంగిట బోరగిల పడుకొని, వారి పలక సందు గోకుచుండెను.

"హికోసాకు గారూ, టీ ఎవరు పోస్తారు?"

"ఖాళీగా ఉన్నవాళ్ళు పోస్తారమ్మా."

ఎండ యెక్కెను. దప్పిగొన్నవారు కప్పులతో వరుస కట్టిరి. వాడపెద్ద ఒకసారి వారిని చూచి, చేతితొడుగులు విప్పి, మెత్త సర్దుకొని కూర్చుండి, కెటిలు చేతికెత్తుకొనెను.

ఐదవ వాడ ప్రజలారా, చాటింపుగా వినుడు. ఆ దినమున తోకుజో పరాక్రమముచే మూడవ పలక లేచినది, లేచిన చోటనే మరల కూర్చున్నది. బురద నింపుటకు తెచ్చిన సంచిలో చారెడు ఇసుక పడినది. ఇప్పుడు ఆ దారిన పోవువాడెవడైన ఆగి చూచినను, అచట ఏమియు జరిగినట్లు కనబడదు.