మాస్టారి తిండి పరీక్ష

ఆ ఉదయం హెడ్మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్యతో కలిసి వృద్ధుల క్లబ్బుకి వెళ్ళడం, ఎవరో అడిగే నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పడం, అక్కడే భోంచేసి రావడం. డాక్టరు రక్తపోటు అన్న నాటి నుంచి ఇంట్లో కూరల్లో ఉప్పు జాడ లేదు. క్లబ్బులో మాత్రం బంగాళాదుంప వేపుడు పెడతారు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన సుఖం అదొక్కటే.

క్లబ్బు నర్సమ్మ కాగితం తీసింది. "ఎనిమిదే ప్రశ్నలు మాస్టారూ. ఐదు నిమిషాల్లో మీ తిండి అలవాట్లకి మార్కులేసేస్తాం."

డెబ్బై ఏళ్ళు పైబడ్డ నాలుకని ఎనిమిది ప్రశ్నలతో తూచేద్దామనుకున్న మహానుభావుడెవరో గానీ, ఆయనకు ఓ వారం చప్పిడి కూడు పెట్టాలి! మాస్టారు మాత్రం మార్కులనగానే నిటారుగా కూర్చున్నారు. మార్కుల కోసం తరాల తరబడి పిల్లల్ని చావబాదిన మనిషి, తను తక్కువ తెచ్చుకుంటారా?

"పళ్ళు తింటారా?"

"రోజూ."

"ఆకుకూరలు?"

"రెండు పూటలా."

"స్వీట్లు?"

"ఛీ!"

భార్య ఆగలేకపోయింది. "అన్నీ అబద్ధాలే! అరటిపండు చూపిస్తే అలిగి పడుకుంటారీయన."

"పరీక్షలో పక్కవాళ్ళు మాట్లాడకూడదు!"

మాస్టారికి నూటికి నూరు వచ్చాయి. భార్య నిజం చెప్పి యాభైతో సరిపెట్టుకుంది. ఆయన హాలంతా తిరిగి తన మార్కులు చాటి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు.

నర్సమ్మ చల్లగా చెప్పింది. "ఇంట్లోనే ఇంత చక్కగా తింటున్నారు కదా మాస్టారూ. ఇక్కడి భోజనం సరిగ్గా తిననివాళ్ళకి. మీ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తున్నాం."

"మార్కులెక్కువొస్తే బళ్ళోంచి గెంటేస్తారా? మళ్ళీ పెట్టండి పరీక్ష!"

ఈసారి ఆయన పళ్ళు ముట్టనన్నారు, కూరలు గిట్టవన్నారు, మంచినీళ్ళు కూడా తాగనన్నారు. కాసేపటికే మనిషి ఇంతలా మాట మార్చాడంటే మతి తప్పుతోందేమోనని నర్సమ్మ హడలిపోయి, కుర్ర డాక్టరుని పిలుచుకొచ్చింది.

"ఇవాళ ఏ వారమో చెప్పండి తాతగారూ."

"ఎవడయ్యా నీకు తాత? ముందు నీకు వారాలొచ్చా?"

డాక్టరు భార్యవైపు తిరిగాడు. "ఈ చిరాకు ఎప్పట్నుంచమ్మా?"

"పెళ్ళయిన రోజు నుంచీ బాబూ."

మాస్టారు కోపంతో, అంతకు మించిన అవమానంతో బల్ల గుద్దారు. "నాకేం మతి పోలేదు! మార్కుల కోసం అబద్ధమాడాను. ఆ చప్పిడి కూడు తినలేక చస్తున్నాను. నా కుర్చీ నాకివ్వండి!"

నర్సమ్మ మనసు కరిగింది. ప్రశ్నలు మళ్ళీ మొదటి నుంచి అడిగింది. మాస్టారు పళ్ళు బిగించి అన్నిటికీ నిజమే చెప్పారు. హాలు మొత్తంలో ఆయనకే అందరికన్నా తక్కువొచ్చాయి.

"మీ కుర్చీ మీదే మాస్టారూ," అని నర్సమ్మ స్వయంగా పళ్ళెం తెచ్చి పెట్టింది. "ఇంత తక్కువొచ్చినవాళ్ళకి విడిగా వండిస్తున్నాం."

పళ్ళెంలో ఉడకబెట్టిన క్యారెట్లు, ఉప్పు లేని పప్పు, ఒక అరటిపండు ఉన్నాయి. యాభై మార్కులవాళ్ళకి మామూలు భోజనమే. ఎదురుగా కూర్చున్న భార్య, వేపుడు మారు వడ్డించుకుంది.