ఇన్‌స్పెక్షన్‌కు తయారైన వీధి

శ్రీమన్నారాయణ మాస్టారికి ఆ ఉదయం చేయవలసిన పని ఒక్కటే. బస్టాండుకు వెళ్ళి ఇంజనీరును వెంటబెట్టుకు రావాలి, గోడలో పగులు చూపించాలి.

మాచర్ల శివారులో నల్లరేగడి మీద ప్రభుత్వం కట్టించిన వరస ఇళ్ళు అవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. రెండో వానకే గోడలన్నీ విచ్చాయి. మాస్టారి ముందుగదిలో మేకు కొడితే పెచ్చు ఊడి చేతిలోకి వస్తుంది. అందుకే నిరుడు పోయిన ఆయన భార్య కుసుమ ఫొటో ఇంకా కుర్చీలోనే ఉంది. ఆ కుర్చీలో ఆయన ఎవరినీ కూర్చోనివ్వరు.

సొంతంగా బాగు చేయిద్దామంటే సిమెంటు ధర పెరిగింది. దానికి డబ్బు సర్దుకునేసరికి ఇసుక పెరిగింది. ఇసుక దొరికేసరికి మేస్త్రీ కూలి పెరిగింది. ఇంతలో, లోపాలున్న ఇళ్ళ మరమ్మతుకు ప్రభుత్వమే డబ్బిస్తుందని తెలిసి ఆయన అర్జీ పెట్టారు. ముందురోజు సాయంత్రం పక్కింటి హన్నమ్మతో ఒక్క మాట అన్నారు.

"రేపు ఇన్‌స్పెక్షన్ అమ్మా. వీధిలో అందరికీ చెప్పు."

మాటలో తప్పు లేదు. కానీ విన్నవాళ్ళంతా ఆయన బడిలో చదువుకున్నవాళ్ళు. ఇన్‌స్పెక్షన్ అంటే ఏం చేయాలో వాళ్ళకు ఆయనే నేర్పారు. విరిగిన బల్ల దాచాలి. పగిలిన గోడకు చార్టు తగిలించాలి. గుమ్మానికి తోరణం కట్టాలి. ఏమడిగినా "బాగుందండీ" అని గట్టిగా చెప్పాలి.

బస్సు ఆలస్యమైంది. ఇంజనీరు కీర్తితో మాస్టారు తిరిగి వచ్చేసరికి వీధి తెల్లగా మెరుస్తోంది. ప్రతి గుమ్మానికీ మామిడాకులు. ఆయన గుమ్మానికి కూడా.

"ఏందమ్మా ఇది?"

"ఇన్‌స్పెక్షన్ అన్నారు గదా మాస్టారూ," అంది హన్నమ్మ. "మీరిచ్చిన తాళంచెవి నా దగ్గరే ఉందిగా. మీదీ చేసేశాం."

"పగులేది?"

"పూడ్చేశాం," అన్నాడు రంగులు వేసే షఫీక్, చేతిలో బ్రష్షుతో. "సిమెంటు మనం కొనేట్టుందా? మైదా ఉడకేసి, బెల్లప్పాకం కలిపి కూరాం. పాతకాలం గోడల్లో బెల్లమే పోసేవాళ్ళంట. పైన పల్చగా సున్నం కొట్టా. చానా నున్నగా వచ్చింది."

మాస్టారు లోపలికి చూశారు. పగులు ఉండవలసిన చోట కుసుమ ఫొటో వేలాడుతోంది. కుర్చీ ఖాళీగా ఉంది.

"అమ్మగారు కుర్చీలో ఉంటే మేడమ్ ఎక్కడ కూర్చుంటది?" అంది హన్నమ్మ మెల్లగా.



కీర్తి సంచి కుర్చీ పక్కన పెట్టి గోడలు చూసింది. "వానకి కారుతుందా అమ్మా?"

"లేదండీ," అంది హన్నమ్మ.

మాస్టారు కనుబొమలెత్తారు. తరగతిలో ఆయన కనుబొమలెత్తితే వినపడలేదని అర్థం. హన్నమ్మ గొంతు పెంచింది. "అంతా బాగుందండీ."

"బాగుందండీ," అని గుమ్మం బయట నుంచి వీధి వీధంతా అందుకుంది.

"సార్, ఇల్లు పడిపోయేట్టుందని రాశారు. ఈ నెలలో నేను చూసిన ఇళ్ళలో ఇదే బాగుంది," అంది కీర్తి.

"ఈ సున్నం కింద పగులుందమ్మా. గోకి చూపిస్తాను."

"గోకితే నేను ఫొటో తీయకూడదు. డబ్బు కోసం గోడలు పాడుచేస్తున్నారని పైనుంచి ఆర్డరు. దానంతటది కనబడితేనే లెక్క." ఆమె ఫోను తీసి 'లోపం లేదు' అన్న చోట వేలు పెట్టబోయింది.

"ఉండండి మేడమ్, టీ తాగకుండా రాసుకుంటారా? వీధి పరువేం గాను," అంటూ హన్నమ్మ ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. హన్నమ్మ ఇంట్లో తాగిన మనిషి తన ఇంట్లో ఎందుకు తాగదని షఫీక్ భార్య పట్టుబట్టింది. చివరింటి పుల్లారావు చెయ్యి అడ్డం పెట్టి, "మా టీ ఏం పాపం చేసింది?" అన్నాడు. అందరూ చక్కెర ధారాళంగా పోశారు.

కీర్తి నీరసంగా సంచి కోసం మాస్టారి ఇంటికి తిరిగి వచ్చింది. గోడ ముందు ఆగిపోయింది.

"ఈ గీత ఎవరు గీశారు?"

ఎవరూ గీయలేదు. గీత కదులుతోంది. నేల దగ్గర మొదలై, పాయలు పాయలుగా చీలి, కుసుమ ఫొటో కింద దూరి, పైన తేలి, శ్లాబు దాకా ఎర్రచీమలు బారు కట్టాయి. పగులు ఎన్ని వంకర్లు పోయిందో అవీ అన్ని వంకర్లు పోయాయి. తెల్లటి సున్నం మీద అంత స్పష్టంగా ఆ పగులు ఎన్నడూ కనబడలేదు.

షఫీక్ సిగ్గుపడి తడిగుడ్డ ఎత్తాడు.

"షఫీక్, చెయ్యి దించు."

తరగతి గదిలోని గొంతు అది. షఫీక్ చెయ్యి దించాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు కూడా చేతులు కట్టుకున్నారు.

కీర్తి ఫొటో తీసింది. బారు ఎక్కడికి పోతోందో చూస్తూ హన్నమ్మ ఇంట్లోకి నడిచింది, అక్కడి నుంచి షఫీక్ ఇంట్లోకి, పుల్లారావు ఇంట్లోకి. అన్నిచోట్లా అదే ఎత్తు, అదే వాలు.

"ఇది పూత పగులు కాదు సార్. వరస మొత్తానికి పునాది కుంగింది."

"అయితే ఏంది మేడమ్?" అన్నాడు పుల్లారావు.

"పూతకైతే పాత ధరల లెక్కన ఇస్తారు. అది ఈ సున్నానికే చాలదు. పునాదికైతే ఇవాళ్టి ధరల ప్రకారం, పని పూర్తయ్యేదాకా."

హన్నమ్మ మాస్టారి వైపు తిరిగింది. "ఇప్పుడు నిజం చెప్పొచ్చా?"

"చెప్పమ్మా."

"వానొస్తే మంచం మీద గిన్నెలు, మంచం కింద మేము మేడమ్," అంది హన్నమ్మ. ఆ తర్వాత వీధంతా ఒక్కసారిగా మాట్లాడింది.

ఆ సాయంత్రం మేకు ఊడింది. ఫొటో మళ్ళీ కుర్చీలోకి వచ్చింది. మాస్టారు తొందరపడలేదు. వానలకు ముందే డబ్బు వచ్చింది, పునాది బిగిసింది. షఫీక్ కొత్త గోడకు మేకు కొడుతుంటే వీధంతా గుమ్మంలో చేరి చూసింది. ఒక్క పెచ్చు రాలలేదు. మాస్టారు కుసుమ ఫొటో తగిలించి, వంకర సరిచేసి, చాలా కాలానికి ఆ కుర్చీలో తనే కూర్చున్నారు.

నివేదికలో 'పరిశీలనకు సహకరించినవారు' అన్న చోట కీర్తి ముందు 'చీమలు' అని రాసి, చెరిపేసి, 'స్థానికులు' అని రాసిందట.