దర్జీ ముందు పళ్ళు

తొమ్మిదింటికి పళ్ళ డాక్టరమ్మ దగ్గర పంటి తీగ బిగించుకుని, పదకొండింటికల్లా వకీలు గారి కోటుకు బొత్తాలు కుట్టి ఇచ్చేద్దామని దర్జీ పొద్దున్నే అనుకున్నాడు. నలభై ఆరేళ్ళ వయసులో తీగ కట్టించుకున్నది సోకుకు కాదు. ఎత్తుపళ్ళని చిన్నప్పటినుంచీ చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు పాపం. ఒక్కసారైనా చెయ్యి తీసి నిండుగా నవ్వాలని ఆశ. "నవ్వొచ్చే పని ఏదైనా జరగాలిగా ముందు" అని భార్య ఆ ఉదయం కూడా ఎకసెక్కమాడింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. "పైన ముందు పళ్ళు రెండింటికీ వేర్ల కొసలు అరిగి కురచయ్యాయండీ. తీగ కట్టించుకున్న పెద్దవాళ్ళలో కొందరికి ఇలా అవుతుంది. మూడు నెలలు బిగించడం ఆపుదాం. ముందు పళ్ళతో ఏదీ కొరక్కండి."

"ఊడిపోతాయా?"

"జాగ్రత్తగా ఉంటే ఊడవు."

పాతికేళ్ళుగా దారం పళ్ళతో తెంపుతున్న మనిషికి ఆ జాగ్రత్త ఎక్కణ్ణుంచి వస్తుంది? నవ్వే రోజు వచ్చేనాటికి పళ్ళే ఉండవేమోనని దిగులు పట్టుకుంది. మాట్లాడినా కదులుతాయేమోనని నోరు బిగించుకుని ఇంటికొచ్చి, మిషను ముందు కూలబడ్డాడు.

"ఏమండీ, డాక్టరమ్మ ఏమంది?" అంది భార్య. అతను ఎక్స్‌రే బల్ల మీద పడేశాడు. అన్నం వద్దని చెయ్యి ఊపాడు. తన ఎకసెక్కానికే అలిగాడనుకుని ఆవిడ తమ్ముడికి కబురు పెట్టింది. ఆ తమ్ముడు గోరంతను కొండంత చేసే రకం. బల్ల మీది ఎక్స్‌రే చూశాడు, బావ ముఖం చూశాడు, తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇది అలక కాదే! బావకి చెప్పుకోలేని జబ్బేదో వచ్చింది!"

ఆవిడ ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు విని, కోటు కోసం వస్తున్న వకీలు గారు గుమ్మంలోనే విషయం తెలుసుకున్నారు. దర్జీ భుజం నిమిరి, "ధైర్యంగా ఉండవయ్యా. అన్నట్టు, ఆ బొత్తాలు మాత్రం... ఈలోగానే..." అని నసిగారు.

దర్జీకి ఒళ్ళు మండిపోయింది. "చావూ లేదు, జబ్బూ లేదు! పళ్ళ వేర్లు అరిగాయి, దారం కొరకొద్దన్నారు, అంతే!"

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!" భార్య కళ్ళు తుడుచుకుంది. "ఇకమీదట దారం నేను తెంపుతాను. మీ పళ్ళు మీరు భద్రంగా దాచుకోండి."

అన్నమాట నిలబెట్టుకుంది. మూడు నెలలు ఆ ఇంట్లో ప్రతి దారమూ ఆవిడ పళ్ళ మధ్యే తెగింది. ఆఖరి వారంలో ఒక కోటు బొత్తానికి వేసిన మందపాటి దారం దగ్గర టక్కుమంది. దారం తెగలేదు. ఆవిడ ముందు పన్ను సగానికి విరిగింది.

ఇద్దరూ కలిసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. "మీ వేర్లు అరగడం ఆగిపోయిందండీ, మెల్లగా మళ్ళీ మొదలుపెడదాం" అందామె దర్జీతో. అతను చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వబోయి, పక్క కుర్చీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకు కూర్చున్న భార్యను చూసి మానేశాడు.

"నవ్వండి, ఫరవాలేదు" అంది ఆవిడ చేతి చాటునుంచి.

అతనికి ఏడుపొచ్చింది.

ఇంట్లో మిషను పక్కనే కత్తెరలు నాలుగున్నాయి.