వీసీగారి పూర్తి మద్దతు

పిల్లలంతా స్టాంపు మేడమ్ అని పిలిచే ఆమె ఆ రోజు తలపెట్టిన పని ఒక్కటే. సాయంత్రం ఐదింటిలోగా రెండు వందల ఫారాలు చూసి, ఎవరు ఏ సబ్జెక్టు తీసుకోవాలో చెప్పి, సంతకం పెట్టి స్టాంపు వేయాలి. ఐదు దాటితే రిజిస్ట్రేషన్ మూతపడుతుంది. యూనివర్సిటీ మొత్తానికి విద్యా సలహాదారు ఆమె ఒక్కతే. ఇంకో మనిషిని ఇవ్వమని మూడేళ్లుగా అడుగుతుంటే, వీసీ తన పూర్తి మద్దతు ఉందని మూడేళ్లుగా చెబుతున్నాడు.

ఆ మద్దతు సరిగ్గా ఆ పొద్దునే ఊడిపడింది. ఆమె గది తలుపుకు అడ్డంగా రిబ్బను కట్టి ఉంది. సలహా వారోత్సవమట, ముఖ్య అతిథి కత్తిరించేదాకా ఎవరూ లోపలికి పోకూడదట. ఆమె బల్ల అప్పటికే హాల్లో వేదికెక్కింది. దాని మీద పూల మధ్య పళ్లెంలో ఆమె స్టాంపు. మొదటి ముద్ర అతిథి చేత వేయించాలని వీసీ ముచ్చటపడ్డాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి అడిగితే, ఇదంతా మీ కోసమే కదమ్మా, కాస్త ఓపిక పట్టండి అన్నాడు. వరండాలో కిటికీ గట్టు మీదే, లైనులో నిలబడ్డ పిల్లల ఫారాలన్నీ చూసి సంతకాలు పెట్టింది. స్టాంపు లేనిదే ఆఫీసు వాటిని ముట్టుకోదు.

పదకొండుకు రావాల్సిన అతిథి నాలుగైనా రాలేదు. వరండాలోని లైను గేటు దాకా పాకింది. సభకు ఇంతమంది వచ్చారని వీసీ పొంగిపోయి, అందరినీ హాల్లో కూర్చోబెట్టి తలుపులు వేయించాడు. లైనులో చోటు పోయిందని పిల్లలు తోసుకుంటుంటే అది ఉత్సాహమనుకుని, అతిథి రాగానే మైకు అందుకున్నాడు.

"మేడమ్, ఈ ఒక్క పేపరుకు రిజిస్ట్రేషన్ కాకపోతే నా ఏడాది పోతుంది. వచ్చిన ఉద్యోగం నా కోసం ఆగదు," అంది హాల్లో ఆమె పక్కనున్న ఆఖరి సంవత్సరం అమ్మాయి.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. సలహా సకాలంలో అందాలని వీసీ నొక్కి చెబుతున్నాడు. ఆ మాటతో ఆమె ఓపిక తెగిపోయింది. వేదికెక్కి, పూలు పక్కకు నెట్టి, స్టాంపు చేతిలోకి తీసుకుంది.

"ఇది కార్యక్రమంలో లేదమ్మా," అన్నాడు వీసీ, మైకు మూసి.

"పిల్లలు కూడా లేరు సార్. ఆ ఇంకు ప్యాడ్ పట్టుకోండి."

ఇదే ప్రారంభోత్సవమనుకుని అతిథి చప్పట్లు కొట్టాడు. ఇక వీసీ చేసేదేముంది, ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఫారం మొదట వెళ్లింది. చివరి ఫారం కౌంటరు చేరేసరికి ఐదుకు నిమిషం తక్కువ.

మర్నాడు పేపర్లో ప్యాడ్ పట్టుకున్న వీసీ ఫొటో పడింది, సలహా విభాగానికి వెన్నుదన్ను అని. అదే పూట ఆమెకు క్రమశిక్షణ మెమో వచ్చింది.

మెమో మీద స్టాంపు లేదు. లైనులో వచ్చి వేయించుకోమని రాసి ఆమె తిప్పి పంపింది.