దారి తప్పించిన రాణీగారి చేతిరాత

తప్పు అక్షరాలది కాదు. ముందు అచ్చాఫీసు యజమానిది. ఆ తర్వాత, ఆహ్వానం కార్డు మీద ఒక్క ముక్క చదవలేకపోయినా "ఆహా, ఏం అందం!" అన్న రెండు వందల మంది పెద్దమనుషులది.

ఆ పొద్దున స్కేలు వేసుకున్న పథకం చిన్నదే. స్కేలంటే అచ్చాఫీసులో డిజైనరు; కొలవనిదే గీత గీయదని ఆ పేరు పెట్టారు. పై హాల్లో అచ్చాఫీసు ముప్పయ్యేళ్ల వేడుకకి బోర్డులు తగిలించి, పదకొండుకల్లా కింది గదిలో అమ్మ వీడ్కోలు సభకి దిగిపోవాలి. అమ్మ ముప్పయ్యేళ్లు ఆస్పత్రి బట్టలు ఉతికింది. ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మేమో పై హాలుకి ముఖ్య అతిథి.

"నాకోసం ఎవరొస్తారే? ఇరవై కుర్చీలు కూడా దండగ," అంది అమ్మ. అయినా స్కేలు ఇరవయ్యీ వేయించింది.

యజమాని నెల కిందట ఓ కొత్త అక్షరాల ఫాంటు కొన్నాడు. పేరు 'రాణీగారి చేతిరాత'. ప్రతి అక్షరం తోకా పక్కదాని మెడకి చుట్టుకుని ఉంటుంది.

"బావుంది సార్, కానీ చదవడానికే..."

"చదవడానికి పేపరుంది! ఇది చూసి మురిసిపోడానికి. కార్డులూ బోర్డులూ అన్నీ ఇందులోనే కొట్టు."

కొట్టింది. గేటు, మెట్లు, ఆఖరికి బాత్రూం బోర్డు కూడా.

కార్డుని అంత మెచ్చుకున్నాక, హాలెక్కడని అడగడానికి అతిథులెవరికీ మొహం చెల్లలేదు. "మీతోపాటే వస్తా" అని ఒకరినొకరు పట్టుకుని గుంపుగా బయల్దేరారు. గేటు దగ్గర యజమాని కారు కనబడి భవనమైతే దొరికింది. లోపల ఎటు? ఒకాయన చీపుర్ల గది తెరిచాడు. బాత్రూం తలుపు మీది తీగల్లాంటి అక్షరాలు చూసి ఇదే హాలనుకుని, పదిహేను మంది బొకేలతో వరుస కట్టారు.

వరండా చివర మాత్రం స్కేలు అమ్మకోసం అంటించిన కాగితం ఉంది. మోటు అక్షరాలు, ఓ బాణం: "లోపలికి రండి."

రెండు వందల మందీ లోపలికి వచ్చేశారు. ముందు డాక్టరమ్మ. అమ్మనీ, గోడ మీద 'ఆస్పత్రి బట్టలకి ముప్పయ్యేళ్లు' అన్న మాటనీ చూసి, ఉపన్యాసం కాగితం మడిచి సంచీలో పెట్టేసింది.

"ఇన్నేళ్లూ నా తెల్లకోట్లు ఉతికింది నువ్వేనా అమ్మా?"

"మూత పెట్టని పెన్ను జేబులో వదిలేసేది మీరేనా?" అంది అమ్మ.

గది చప్పట్లతో దద్దరిల్లింది. బొకేలన్నీ అమ్మ ఒళ్లోకి వచ్చిపడ్డాయి.

యజమాని రొప్పుతూ దిగాడు. "స్కేలూ! నా జనాన్ని లాగేశావ్!"

"లాగలేదు సార్. చదవగలిగారు, వచ్చారు. ఏదీ, మీ కార్డు మీరు చదవండి."

ఆయన దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టాడు, తలకిందులు చేశాడు. ముందు నవ్వింది డాక్టరమ్మే.

"రేపు అచ్చాఫీసు తెరిచినప్పట్నుంచీ మనం కొట్టే ప్రతి దారి బోర్డూ మామూలు అక్షరాల్లోనే ఉండాలి," అంది స్కేలు. "రాణీగారి రాత పేర్లకి వాడుకోండి, దారులకొద్దు. ఇప్పుడు మాత్రం పైనున్న కుర్చీలు కిందికి దింపించండి. మా అమ్మ సభకి చాలట్లేదు."