సముద్రం తరఫున మెర్విన్

నాగరిక దేశంలో ఏ గాలీ అనాథగా వీచకూడదు. ఎవరో ఒకరు దానికి బాధ్యత వహించాలి. ఈ మహదాశయంతోనే రాజధానిలో 'సముద్రపు గాలి జవాబుదారీ నిబంధనలు' పుట్టాయి (పుట్టిన గదికి కిటికీలు లేవు).

టాస్మేనియాకు వాయవ్యాన ఉన్న మా దీవిలో గాలిని కొలిచే ఉద్యోగం నాది. గాలిలో అయోడిన్, బ్రోమిన్ ఎంతున్నాయో రోజూ రాసి పంపుతాను. అలల నుంచి, నాచు నుంచి లేచే ఈ ఆవిర్లు ఓజోన్‌ను కొరుక్కు తింటాయి. మనిషి పుట్టకముందు నుంచీ వాటి పని ఇదే. అనుమతి మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఆ లోపం సరిదిద్దడానికి ఇన్‌స్పెక్టర్ రోవెనా పిల్చర్ విమానం దిగింది. ఫారం పద్నాలుగు తెరిచి, "అయోడిన్ వదులుతున్నది ఎవరు?" అంది.

"సముద్రమండీ."

"ఇంటి నంబరు?"

"వచ్చేది పడమటి గాలి. అటు అర్జెంటీనా దాకా ఇల్లే లేదు."

"ఆ గడి నింపకపోతే ఫారం కదలదు," అంటూ ఆమె బయటికి చూసింది. ఒడ్డున మెర్విన్ టాటల్ కనిపించాడు.

తుపానుకు కొట్టుకొచ్చిన నాచు ఏరి, ఒడ్డున పాతిన కొయ్యల మీద ఆరబెట్టి అమ్ముకోవడం నలభై ఏళ్లుగా మెర్విన్ పని. భార్య పోయాక అతనికి మిగిలిన తోడూ అదే. ఇల్లుంది, ఫోనుంది, సంతకం వచ్చు. సముద్రానికి లేని అర్హతలన్నీ ఉన్నాయి.

మూడు వారాల్లో కొయ్యలు పీకేయాలని ఇన్‌స్పెక్టర్ అతని చేతికే నోటీసిచ్చింది.

"ఏమ్మా, నేను తీయకపోతే ఆ నాచంతా ఇక్కడే కుళ్లుతుంది కదా! అప్పుడింకా ఎక్కువ ఆవిరొస్తుంది."

"దానంతటది కుళ్లితే ప్రకృతి, మెర్విన్ గారూ. మీరు ఆరబెడితే పరిశ్రమ."

"మరి సముద్రానికి ఇవ్వవేం నోటీసు?"

"ఇచ్చాం. ముట్టినట్టు సంతకం రాలేదు."

అతను నా వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పరా క్లైవ్. పదేళ్లుగా నా టీ తాగుతున్నావు!"

నేను గాలి దిశల పట్టిక ఇచ్చాను. దాన్ని అనుబంధంగా స్వీకరించారు (అనుబంధాలు చదవరాదన్నదీ నిబంధనే).

మెర్విన్ కొయ్యలు ఒక్కొక్కటే పీకి, గుంతల్ని కాలితో పూడ్చాడు. నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. జూలై తుపాన్లకు నాచు నడుమెత్తు పేరుకుని కుళ్లింది. ఆ కంపుకు పక్క పొలంలో ఆవులు మేత మానేశాయి. అయోడిన్ రెండింతలైంది. రాసి పంపాను.

వారంలో జవాబొచ్చింది: 'బాధ్యుడు నమోదు కాని చోట ఆవిరి వెలువడినట్టు పరిగణించరాదు. కావున మీ దీవిలో అయోడిన్ సున్నా. ధ్రువీకరించి సంతకం చేయగలరు.'

నాకు పింఛనుకు రెండేళ్లుంది. చేశాను.

ఆగస్టులో మెర్విన్ టాస్మేనియాలోని బర్నీ పట్నంలో ఉన్న చెల్లెలి దగ్గరికి బయల్దేరాడు. విమానం దాకా సాగనంపడానికి వెళ్లాను. అక్కడికీ కంపు కొడుతోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు:

"ఇవాళ ఎంతొచ్చిందిరా?"

"సున్నా."

"ఎవరన్నారు?"

"నేనే."

అతను ముక్కు మీది రుమాలు తీశాడు. "అయితే ఇది నీకే కావాలి," అని దాన్ని నా చేతిలో పెట్టి విమానమెక్కాడు.